టికెట్ కోసం ఇచ్చిన చిరునామా

2020 డిసెంబరు. సాగు చట్టాల రద్దు కోరుతూ పంజాబ్ రైతులు సింఘూ, టిక్రీ సరిహద్దుల్లో చలిలో బైఠాయించిన రోజులు. సరిగ్గా అప్పుడే ప్రభుత్వరంగ సంస్థ ఐఆర్‌సీటీసీ నుంచి దాదాపు రెండు కోట్ల ఈమెయిళ్లు వెళ్లాయి. వాటిలో రైలు వేళల మార్పు లేదు, రిఫండు సమాచారం లేదు. సిక్కులతో ప్రధాని మోదీకి, ఆయన ప్రభుత్వానికి గల ‘ప్రత్యేక అనుబంధాన్ని’ చాటే 47 పుటల పుస్తకం ఉంది. సిక్కులను ఏరి పంపారన్న విమర్శ రాగానే, అందరికీ పంపామని సంస్థ వివరణ ఇచ్చింది.

ఆ వివరణ తప్పును తగ్గించలేదు, విస్తరించింది. ప్రయాణికుడు చిరునామా ఇచ్చింది టికెట్ కోసం. పాలకుల ప్రచారానికి కాదు. పైగా ఆ పుస్తకంలో 2019లో తెరుచుకున్న కర్తార్‌పూర్ కారిడార్ వంటి నిజమైన పనులే ఉన్నాయి. సిక్కులు స్వయంగా హర్షించిన పనిని అడగనివారి ఇన్‌బాక్సులో కుక్కడంతో అది బతిమాలుటగా మారిపోయింది. ఉద్యమమూ చల్లారలేదు. 2021 నవంబరు 19న ప్రధానే చట్టాల ఉపసంహరణను ప్రకటించవలసి వచ్చింది.

అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు రిజిస్ట్రీ ఈమెయిళ్ల అడుగున ప్రధాని చిత్రం కనిపించింది. కోర్టు తొలగించమన్నది. 2024లో ‘వికసిత్ భారత్’ వాట్సాప్ సందేశాలను ఆపమని ఎన్నికల సంఘం ఆదేశించగా, నియమావళికి ముందే పంపామని, కొన్ని ఆలస్యంగా చేరి ఉండవచ్చని ఐటీ శాఖ బదులిచ్చింది. ప్రతిపక్షాలు నీతులు చెప్పే స్థితిలో లేవు. ఎన్నికలొస్తే రికార్డు చేసిన నేతల గొంతులు తెలుగు ఓటరు ఫోనులో రోజంతా మోగుతూనే ఉంటాయి.

వ్యాపారులకు ఈ తప్పు ఖరీదు త్వరగా తెలుస్తుంది. గ్రహీతలు ‘స్పామ్’ నొక్కేకొద్దీ పంపిన సంస్థ పరపతి పడిపోతుంది. తర్వాత దాని అవసరమైన ఉత్తరాలు సైతం చెత్తబుట్టకే చేరతాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి పంపేవారిపై ఫిర్యాదులు 0.3 శాతానికి చేరరాదని 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ నిబంధన. ప్రభుత్వ సంస్థకు అటువంటి భయం తక్కువ. రైలు ఎక్కేవాడు ఖాతా మూసుకుని ఎక్కడికి పోగలడు?

చట్టమూ పెద్దగా ఆదుకోదు. ట్రాయ్ 2018 నిబంధనలు ఫోన్‌కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకే. ఈమెయిల్ వాటి పరిధిలో లేదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతిని నిర్దిష్ట ప్రయోజనానికి కట్టివేసింది. కానీ తాను నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో మినహాయింపునిచ్చే అధికారాన్ని 17వ సెక్షన్ కేంద్రం చేతిలోనే ఉంచింది.