చిప్పకూ తరగతులు కావాలి

అంబాజీపేట ధరల పట్టికలో కురిడీకి గండేరా, గటగట. వాటిలో మళ్లీ పాతవి, కొత్తవి. కొత్త కొబ్బరికి మొదటి రకం, రెండో రకం. చిప్పకు మాత్రం ఏ తరగతీ లేదు. పొయ్యికో, బట్టీకో పోయే సరుకుగానే దానిని చూస్తున్నారు. దీనివల్ల అమలాపురం, రాజోలు, కొత్తపేట వర్తకులు ఒక మంచి బేరాన్ని చేజార్చుకుంటున్నారని చెప్పక తప్పదు.

ఆ బేరం మందుల పరిశ్రమది. పారాసిటమాల్‌కు మూలసరుకైన పారా అమైనోఫినాల్‌ను పాత పద్ధతిలో ఇనుప రజను, ఆమ్లం వేసి తయారు చేసేవారు. టన్ను సరుకు దిగితే టన్నుకు పైగా ఇనుప మడ్డి మిగిలేది. అదే చర్యను పీడన పాత్రలో హైడ్రోజన్ వాయువు పంపి, లోహపు రేణువులు అంటించిన కార్బన్ పొడిని ఉత్ప్రేరకంగా వాడి జరిపితే, పక్కన మిగిలేది ప్రధానంగా నీరే. పల్లాడియం అంటించిన ఇలాంటి పొడి హైదరాబాదు, విశాఖ బల్క్ డ్రగ్ కర్మాగారాలకు కొత్త సరుకు కాదు.

ఈ కార్బన్‌ను కర్ర నుంచి కూడా చేస్తారు. పెద్ద అణువుల చర్యలకు అదే నయం. చిప్ప కార్బన్‌కు గట్టిదనం ఎక్కువ, బూడిద తక్కువ. రియాక్టరులో గిలకొట్టినా త్వరగా నలిగి ఫిల్టరుకు అడ్డుపడదు. ఒక్క గ్రాములోని సూక్ష్మ రంధ్రాల గోడలన్నీ పరిస్తే సుమారు 1,000 చదరపు మీటర్లు, అంటే పాతిక సెంట్ల నేల.

వర్తకులు గమనించవలసిన అంశం మరొకటుంది. వాడేసిన పొడిని కాల్చి పల్లాడియాన్ని తిరిగి రాబడతారు. లోహం చేతికొస్తుంది, కార్బన్ మాత్రం కాలిపోతుంది. కాబట్టి కార్బన్‌ను మళ్లీ మళ్లీ కొనక తప్పదు.

అయితే ఇసుక, మన్ను, ఇనుము కలిసిన బొగ్గును ఈ కొనుగోలుదారులు ముట్టుకోరు. నేలగుంటలో కాల్చి, ఉప్పునీళ్లు చల్లి ఆర్పితే ఆ మలినాలు చేరతాయి. పొగ ఊరిమీద పడుతుంది. మూతబట్టీలో కాలిస్తే ఆ పొగలోని వాయువులనే బట్టీకి వేడిగా వాడుకోవచ్చు. టన్ను బొగ్గుకు 3 నుంచి 4 టన్నుల చిప్ప, టన్ను యాక్టివేటెడ్ కార్బన్‌కు సుమారు 3 టన్నుల బొగ్గు కావాలి. ఈ లెక్కలో మలినం ఎంత ఉంటే నష్టం అంత.

ఉత్ప్రేరకాలకు వాడే పరిమాణం తక్కువే. నీటి శుద్ధికి, బంగారం తీతకు పోయే సరుకే ఎక్కువ. కాని వారు కూడా బూడిద శాతం, తేమ శాతం అడిగే కొంటారు.

కనుక వర్తక సంఘాలు ముందుగా ముదురు చిప్పను లేత చిప్ప నుంచి వేరుచేయించాలి. బాగా ముదిరిన కురిడీ చిప్పకు మొదటి తరగతి ఇవ్వవచ్చు. బూడిద, తేమ పరీక్ష చీటీతో ఒక్క లారీ సరుకు పంపి చూస్తే గిరాకీ ఏపాటిదో తేలిపోతుంది.