బడి సార్లకు బీఈడీ, కాలేజీ సార్లకు ఏది?

మొన్న మహేశ్వరం బస్టాండుల మా దిక్కు తమ్ముడొకడు కలిసిండు. ఒకదిక్కు పీహెచ్‌డీ చేసుకుంట, ఖర్చులకని ఒక ప్రైవేటు కాలేజీల పాఠం చెప్తున్నడు. "మొదటిరోజు చేతుల సిలబస్ కాయిదం వెట్టి, పో క్లాసుకు అన్నరన్నా. అరవై మంది ముంగట నిలవడితే కాళ్లు వణికినయ్. పుస్తకం సూసి సదివి బయటికొచ్చిన" అన్నడు. నవ్వుకుంటనే చెప్పిండు గని, నాకు నవ్వు రాలే.

తప్పు ఆయనదా? బడిల ఆరో తరగతికి లెక్కలు చెప్పే సారు బీఈడీ చెయ్యాలె, టెట్ పాసు కావాలె. బీఈడీల బడికి పంపి మరీ పాఠం చెప్పిస్తరు. అదే డిగ్రీ కాలేజీల అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటె పీజీల మార్కులు, నెట్టో సెట్టో, లేదంటె పీహెచ్‌డీ ఉంటె సాలు. చెప్పుడు నేర్సుకొని రావాలె అన్న షరతు మాత్రం లేదు. ఇంగ్లీషు మీడియం పట్నం పిల్లలు ఎట్లనో గట్టెక్కుతరు. దెబ్బ తగిలేది తెలుగు మీడియంల సదివి, ఇంట్ల మొదటి డిగ్రీ పట్టుకునే మన పోరగాండ్లకు. అర్థం కాలేదంటె "నీకు బుర్ర లేదు" అంటరు.

అసలు ట్రైనింగే లేదా అంటె, ఉన్నది. 1986 విద్యా విధానం తర్వాత యూనివర్సిటీలల్ల అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వెట్టిండ్రు. ఇప్పుడు వాటి పేరు మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లు. హైదరాబాద్‌ల ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీ, మనూలల్ల ఉన్నయ్. గని వాటికి ఎక్కువ పోయేది కొలువు దొరికినోళ్లు, అదీ ప్రమోషన్ లెక్కకు. ఈత నేర్పేది చెర్వుల దూకినంకనా?

అందుకే 2022 నవంబరుల యూజీసీ తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు మనం సదవాలె. ఏ సబ్జెక్టు అయినా సరే, స్కాలర్‌కు బోధనల, రాతల శిక్షణ ఉండాల్నని అండ్ల రాసి ఉన్నది. వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియల్, ల్యాబు, పేపర్లు దిద్దే పని అప్పజెప్పొచ్చు అని కూడ ఉన్నది. పని అప్పజెప్పుడు వాళ్ల ఇష్టం గని, శిక్షణ మన హక్కు.

రిసర్చ్ సంగతి కూడ గంతే. మన పక్కపొంటి కందుకూరు, యాచారం మండలాలల్ల ఫార్మాసిటీ పేరు మీద రైతుల భూములు పోయినయ్. ఆ కత రేపు ఎవలు రాయాలె? బయటి కంపెనీ సర్వేయరా, ఆ రైతు బిడ్డనా? రైతు బిడ్డ రాయాలంటె కోపం ఒక్కటే సాలదు. ఇంటింటికి తిరిగి ప్రశ్న అడుగుడు, రికార్డు తీసుడు, లెక్క తప్పకుంట రాసుడు రావాలె. గవి ఎవలన్న పక్కన కూసొని నేర్పితెనే వస్తయ్.

2024 ఆగస్టు 1న మన మీర్‌ఖాన్‌పేటల స్కిల్స్ యూనివర్సిటీకి పునాదిరాయి వడ్డది. మంచిదే. గని పిల్లలకు స్కిల్లు నేర్పే సార్లకు నేర్పే స్కిల్లు ఎక్కడి నుంచి వస్తది?

తమ్ముడా, చెల్లె, ఊకె బాధపడుడు బంజేద్దాం. శోధ్‌గంగల వేల థీసిస్‌లు పైస లేకుంట దొరుకుతయ్. నీ సబ్జెక్టుల మంచివి రెండు సదివి, ఎట్ల రాసిండ్రో సూడు. నీ డిపార్టుమెంటుల బోధన శిక్షణ ఎప్పుడు, ఎవలు ఇస్తరని రాతపూర్వకంగ అడుగు. జవాబు రాకుంటె పది రూపాయల ఫీజు కట్టి ఆర్టీఐ వెయ్యి. ఎంతమంది స్కాలర్లకు శిక్షణ ఇచ్చిండ్రో 30 రోజులల్ల చెప్పాలె. ఒక్కడివే అడగకు, నలుగురు కలిసి అడుగుండ్రి. ఒక్కడు అడిగితె గైడుకు కోపం వస్తది, నలుగురు అడిగితె టైం టేబుల్ వస్తది.