పాలపిట్ట చుట్టాల ఊళ్లో

గాంబియా తీరంలోని కోటు వంతెన మీద తెల్లవారుతుండగా నిలబడ్డ తెలుగువారికి మొదట వినిపించేది బాగా ఎరిగిన అరుపే. పచ్చటి గుంపొకటి కీచుమంటూ తాటిచెట్ల మీదుగా దూసుకుపోతుంది. పంజరంలోంచి తప్పించుకున్న చిలకలేమో అనుకోనక్కర్లేదు. మెడలో గులాబీ పట్టీ ఉన్న రామచిలుక మన దేశానికి ఎంత సొంతమో, పశ్చిమాఫ్రికాకూ అంతే సొంతం. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షిగా ఎంచుకున్నది ఈ జాతినే. కాసేపటికి కరెంటు తీగ మీద మరో నీలిరెక్కల పిట్ట వాలుతుంది. అది అబిసీనియా పాలపిట్ట, తెలంగాణ రాష్ట్రపక్షికి దగ్గరి చుట్టం. తోకకు అటూ ఇటూ పొడవాటి ఈక ఒక్కొక్కటి వేలాడడమే పెద్ద తేడా. దసరానాడు పాలపిట్ట కోసం ఊరి పొలిమేర దాకా నడిచివెళ్లిన కళ్లకు దాన్ని పోల్చుకోవడానికి పుస్తకం అవసరం లేదు.

ఆఫ్రికా ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా చిన్న దేశం గాంబియా. విభజనకు ముందున్న అనంతపురం జిల్లా కంటే కూడా చిన్నది. నదిని అంటిపెట్టుకుని సన్నగా సాగిన ఆ కాస్త నేలలో 500కు పైగా పక్షి జాతులు కనిపించాయంటే కారణం అక్కడి చోట్ల వైవిధ్యమే. సముద్రం, మడ అడవి, వరిమడి, పొడి అడవి అన్నీ ఒక్క రోజులో తిరిగిరాగల దూరంలో ఉన్నాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలుండవు. చలికి ఐరోపా నుంచి దిగివచ్చే పక్షులు కూడా ఆ నెలల్లో అక్కడే ఉంటాయి.

కోటు తర్వాత అబుకో. తాగునీటి ఊటలను కాపాడడానికి 1916లోనే ఈ అడవిని వేరుగా ఉంచారు. 1968లో అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 105 హెక్టార్ల తోపు అది, అంతే. మొసళ్లుండే మడుగు పక్కన కదలకుండా కూర్చుంటే, కొమ్మల మధ్య ఊదారంగు టురాకో ఒకటి మెల్లగా నడుస్తూ కనబడుతుంది. ఎగిరినప్పుడు దాని రెక్కల్లో కుంకుమ ఎరుపు భగ్గుమంటుంది. ఆ ఎరుపు రాగితో తయారైన అసలు రంగు. రాగి ఉన్న ఈ వర్ణకం టురాకోల కుటుంబంలో తప్ప మరే పక్షిలోనూ లేదు. ఒక్క దాని కోసమైనా అబుకో వెళ్లవచ్చు.

అయితే ఈ సంచిక పాఠకులను తాంజీ చేపల రేవులో ఎక్కువసేపు ఆపాలనుకుంటోంది.

మధ్యాహ్నం దాటాక రంగురంగుల పడవలు ఒడ్డు చేరతాయి. ఆడవాళ్లు నడుముల్లోతు నీళ్లలోకి దిగి చేపలను తట్టల్లో మోసుకొస్తారు. షెడ్లలో బొంగా చేప పొగకు ఆరుతుంటుంది. పైన గల్‌లు, టెర్న్‌లు రొద పెడుతుంటే కింద, మనుషుల కాళ్ల దగ్గర, చేపపేగుల కోసం కోళ్లలా తచ్చాడేవి రాబందులు! గులాబీ ముఖం, మెడ వెనక ముసుగులాంటి నూగు. హుడెడ్ రాబందు అంటారు దీన్ని. ఇళ్ల కప్పుల మీద, కబేళాల దగ్గర, చెత్తకుప్పల మీద ఎక్కడ చూసినా అవే.

ముప్ఫై ఏళ్లు దాటని తెలుగువాళ్లలో చాలామందికి రాబందంటే అమ్మమ్మ చెప్పిన కథ, జటాయువు పేరు, లేపాక్షి. అంతకుముందు ఊరిబయట చచ్చిన గొడ్డును ఒక్క పూటలో శుభ్రం చేసిన పక్షులే అవి. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ అనే మందు కళేబరాల ద్వారా రాబందుల కడుపులో చేరి మూత్రపిండాలను చంపేసిందని 2004లో తేలింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించేసరికే తెల్లవీపు రాబందుల్లో నూటికి 99 పోయాయి. ఆ తర్వాత తెలంగాణలో అడవి రాబందును చూడాలంటే బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట దాకా పోవాల్సి వచ్చింది.

ఆఫ్రికా రాబందులూ క్షేమంగా ఏమీ లేవు. 2015లో హుడెడ్ రాబందును అంతరించే ప్రమాదం అత్యంత ఎక్కువగా ఉన్న పక్షుల జాబితాలో చేర్చారు. 2020 తొలినెలల్లో గినీ బిస్సావులో 2,000కు పైగా రాబందులు విషం తిని చచ్చిపోయాయి. కొన్నిటికి తలలు లేవు. ఆ తలలను ఇంట్లో పెట్టుకుంటే అదృష్టమన్న నమ్మకమే ఆ విషం వెనక ఉందన్నారు. పశ్చిమాఫ్రికాలో వీటికి మిగిలిన గట్టి నెలవుల్లో గాంబియా ఒకటి.

అందుకే సెనెగల్, ఘనా, నైజీరియాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలను ఈ సంచిక కోరుతోంది. సెలవులకు గాంబియా తీరానికి వెళ్తే పిల్లలను రిసార్టు గోడల మధ్యే ఉంచకండి. కోటు వంతెన దగ్గర స్థానిక గైడును మాట్లాడుకోండి. చెల్లించే రుసుము అతని ఇంటికి ఆసరా. అక్కడ అడవి నిలబడడానికీ అది ఒక కారణమవుతుంది. రాబందును చూపించి, మన పొలాల్లో అది ఎందుకు లేదో చెప్పండి.

పొద్దు వాలేసరికి తాంజీలో పడవలు ఇసుక మీదికి లాగేసి ఉంటాయి. రాబందులు ఒక్కొక్కటే లేచి ఊరి పెద్దచెట్ల కొమ్మల మీదికి చేరుకుంటాయి. రేవులో ఎవరూ తలెత్తి చూడరు. వాళ్లకవి రోజూ కనిపించే పక్షులే.