నిజాము గారి అల్మారా

పిల్లలూ! మన కల్వకుర్తి నుండి హైదరాబాదు పోయినవారంతా చార్మినారు చూచి వస్తారు. ఆ దగ్గరలోనే పురానీ హవేలీ ఉన్నది. ఒకనాటి నిజాముల మహలు. 2000లో అందులో మ్యూజియం తెరిచారు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఇక్కడ ఉండేవాడు. 2016 దాకా మన ఊరు ఉండిన జిల్లాకు మహబూబ్‌నగర్ అన్న పేరు ఆయనదే.

వెండి సామాను సరే, ఆయన బట్టల అల్మారాలు చూడండి! బర్మా టేకువి, రెండంతస్తులు, పెద్ద హాలు పొడవునా ఉన్నాయి. తొడిగిన బట్ట మళ్ళీ తొడిగేవాడు కాదంటారు, నేను నమ్మను.

పై అంతస్తుకు ఒక కొయ్య లిఫ్టు ఉన్నది. దానికి కరెంటు లేదు, మనిషే చేత్తో నడపాలి. బావిలో నీళ్ళు చేదేవారికి కడవ బరువెంతో తెలుసు. ఇక్కడ పైకి పోయేది కడవ కాదు, మనిషి! దాన్ని నడిపిన నౌకరు పేరు నాకెక్కడా కనబడలేదు. మీరు పోయినప్పుడు వెతకండి. దొరికితే నాకొక కార్డు వ్రాయండి.