కప్పు పోయిన యిల్లు పాక్షికమా?

వడగండ్లకు రేకులన్నియు పగిలినను, గోడలు నిలిచినవి గదా యని నష్టమును ‘పాక్షిక’మని వ్రాయు ఉద్యోగులను మేమడుగుచున్నాము: కప్పులేని గోడలు ఎవరిని కాపాడును? 2020 అక్టోబరులో గుఱ్ఱం చెరువు తెగి చాంద్రాయణగుట్ట బస్తీలు మునిగినపుడు పాక్షికముగ చెడిన యింటికి రాష్ట్రప్రభుత్వము 50,000 రూపాయలు ప్రకటించెను. 2022లో కేంద్ర హోంశాఖ సవరించిన విపత్తునిధి నిబంధనలలో (వడగండ్లవానయు ఇందు చేరినదే) ఆ మాటకే వెల పక్కాయింటికి 6,500, కచ్చాయింటికి 4,000! అదియు నూటికి 15 పాళ్లైనను చెడినగాని రాదు. రేకులు, దూలములు, మేస్త్రీకూలి, బండికిరాయి: నాలుగువేలతో వీనిలో దేనిని తీర్చవలెను? కచ్చాయింటివానికని అంగడివాడు రేకును చౌకగా అమ్ముచున్నాడా? కప్పు పోయిన యింటిని పూర్ణనష్టముగ లెక్కించి, మరల కప్పుటకగు వాస్తవవ్యయమును తొలకరికి ముందే చెల్లింపవలెనని మేము కోరుచున్నాము.