తిరిగివచ్చిన సరుకు చెప్పే పాఠం

ఖోర్ ఫక్కాన్ రేవులో దిగే ప్రతి కంటైనరుకూ ఒక సంఖ్య, ఒక సీలు ఉంటాయి. కాగితంలో ఒక సంఖ్య, పెట్టె మీద మరొక సంఖ్య ఉంటే సరుకు కదలదు. అది న్యాయమేనని ఈ ఊరివారమందరం ఒప్పుకొంటాము. కాని సాఫ్ట్‌వేర్ రంగంలోని మన యువకులు తాము నిర్మించిన భాగాన్ని ఇంటర్నెట్‌లోని ఉమ్మడి భాండాగారం తిప్పి పంపితే, ముందుగా భాండాగారాన్నే తప్పుపడతారు. ఇది సరికాదని నా అభిప్రాయం.

తిరస్కారంలోనే కారణం దాగి ఉంటుంది. 401 అని వస్తే పంపినవారెవరో రుజువు కాలేదన్నమాట. పేరు, పాస్‌వర్డు సరిచూసుకోవాలి. 403 అంటే అక్కడ సరుకు ఉంచే అధికారం మనకు లేదని. జావా భాగాలకు నిలయమైన మావెన్ సెంట్రల్ డిజిటల్ సంతకం లేనిదే స్వీకరించదు. ఒకసారి ప్రచురించిన వెర్షన్‌ను మార్చనీయదు. పొరపాటు దొర్లితే కొత్త సంఖ్యతో పంపవలసిందే.

ఇంత కాఠిన్యమెందుకు? 2016 మార్చిలో ఒక రచయిత ఎన్‌పీఎం భాండాగారం నుండి ‘లెఫ్ట్-ప్యాడ్’ అనే 11 పంక్తుల భాగాన్ని ఉపసంహరించుకున్నాడు. దానిపై ఆధారపడిన ఎన్నో ప్రోగ్రాముల నిర్మాణం ప్రపంచమంతటా నిలిచిపోయింది. ఆ భాగాన్ని కొద్ది గంటల్లోనే పునరుద్ధరించారు. పిమ్మట ఉపసంహరణ నియమాలను బిగించారు.

కనుక యువమిత్రులారా, తనిఖీని తప్పించుకునే దారి వెదకకండి. అది చెప్పేది చదవండి. మీరిచ్చిన సంఖ్యను నమ్ముకొని ముక్కూ మొగమూ ఎరుగని వారెందరో పని చేసుకుంటున్నారు. వెర్షన్ సంఖ్య కూడా ఆడిన మాట వంటిదే. ఆడి తప్పరాదు.