గోల అన్నది ఎవరు? గొంతు ఎత్తింది ఎవరు?



ఇంగ్లీషులో పెద్ద శబ్దానికి, జనం అరుపుకు ఉన్న మాటలు లెక్కపెడితే చేతివేళ్లు చాలవు. నాయిస్, డిన్, రకస్, బెడ్లమ్, క్లామర్, అప్‌రోర్, అవుట్‌క్రై, హ్యూ అండ్ క్రై... పోటీ పరీక్షల పుస్తకాల్లో వీటిని సమానార్థకాలని ఒకే వరుసలో ఇస్తారు. మనం బట్టీ పట్టి, ఒక మార్కు తెచ్చుకుని మరిచిపోతాం. ఇవి సమానార్థకాలు కావని మా అభిప్రాయం.

మన తెలుగునే చూడండి. గోల, రచ్చ, లొల్లి ఒకవైపు. మొర, ఆక్రందన, ప్రజాఘోష మరోవైపు. చారు నీళ్లలా ఉందని హాస్టల్ పిల్లలు పళ్లేలు పట్టుకుని వరండాలో కూర్చుంటే అది 'గోల'. కరెంటు పోయిందని పెద్ద కాలనీవాళ్లు రోడ్డెక్కితే అది 'ప్రజాగ్రహం'. శబ్దం ఒక్కటే, పేరు పెట్టేవాడే వేరు. ఇంగ్లీషులోనూ అంతే. రకస్ అని రాస్తే తప్పు అరిచినవాళ్లది. అవుట్‌క్రై అని రాస్తే తప్పు ఎవరిదో వెతకాల్సి వస్తుంది.

ఈ మాటల పుట్టుక తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. 'హ్యూ అండ్ క్రై' అంటే ఈ రోజుల్లో అనవసరమైన రాద్ధాంతం అనే అర్థంలో వాడుతున్నారు. ఒకప్పుడు ఇంగ్లండులో అది చట్టం. దొంగతనమో హత్యో చూసినవాడు కేకలు వేయాలి, విన్నవాళ్లందరూ నేరస్థుణ్ణి తరమాలి. 1285 నాటి వించెస్టర్ శాసనం ప్రకారం దోపిడీ చేసినవాణ్ణి పట్టుకోలేకపోతే ఆ ప్రాంతమంతా నష్టం భరించాలి. అంటే అక్కడ అరవడం నేరం కాదు, ఊరుకోవడమే నేరం!

'అప్‌రోర్'లో గర్జన ఉందనుకుంటాం. నిజానికి అది తిరుగుబాటు, అలజడి అనే అర్థమున్న డచ్చి మాట నుంచి వచ్చింది. 'క్లామర్'కూ, హక్కుగా అడగడం అనే అర్థమున్న 'క్లెయిమ్'కూ మూలం ఒకే లాటిన్ ధాతువు. హక్కు మొదట కేకగానే పుట్టిందన్నమాట. మనం నిత్యం వాడే 'స్లోగన్' స్కాట్లాండు గేలిక్ భాషలో సేన వేసే కేక. ఇక 'బెడ్లమ్' లండన్‌లోని బెత్లెహేమ్ మానసిక వైద్యశాల పేరు నుంచి వచ్చింది. రోగుల బాధ కొందరి చెవులకు గోలగా వినిపించింది, ఆ గోలే భాషలో మిగిలింది.

ఇదంతా మనకెందుకు అని తమ్ముళ్లు, చెల్లెళ్లు అడగవచ్చు. కారంచేడును గుర్తు చేసుకోండి. తాము తాగే చెరువు నీటిని మురికి చేయవద్దని మాదిగపల్లెవాళ్లు అడిగిన దగ్గర గొడవ మొదలైంది. 1985 జూలై 17న ఆరుగురు దళితులను చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి శిబిరంలో ఉండి గొంతెత్తారు. ఆ ఉద్యమంలోంచి దళిత మహాసభ పుట్టింది. దేశంలో ఇలాంటి ఎన్నో గొంతులు కలిశాక 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఆ కేకను రెండు కులాల కొట్లాట అని సరిపెట్టుకుని ఉంటే, చట్టం దాకా వచ్చేదా?

అరిచిన ప్రతిదీ ఆక్రందన అని మేము అనడం లేదు. అర్ధరాత్రి పక్క గదివాడి చదువు చెడగొట్టే పాట గోలే. మైకు పెద్దదైనంత మాత్రాన న్యాయం పెద్దది కాదు. కారణం చెప్పగలిగి, ఎవరిని అడుగుతున్నామో తెలిసి, జవాబు వచ్చేదాకా నిలబడితేనే అది అవుట్‌క్రై.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేము. మా అమ్మానాన్నల అర్జీలు వేరేవాళ్లు రాశారు, వాళ్ల మాటకు పేరు కూడా వేరేవాళ్లే పెట్టారు. ఇప్పుడు కలం మన చేతికి వచ్చింది. కాబట్టి డిక్షనరీలో అర్థంతో ఆగకండి. ఆ మాట ఎవరి మీద వాడుతున్నారో పత్రికలో గమనించండి. మెస్ గురించి, స్కాలర్‌షిప్ గురించి అర్జీ రాసేటప్పుడు తేదీ, లెక్క, కోరిక స్పష్టంగా రాయండి. మన గొంతుకు మనమే పేరు పెట్టుకోకపోతే, దాన్ని గోల అనడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు.